ఏడాదిలో బీఈడీ సీట్లు 50 నుంచి 100కు పెరిగితే అది విద్యా కళాశాల ఎదుగుదలేనా?

ఎదుగుదల కావచ్చు, కానీ సీట్లను మాత్రమే చూసి ఆ మాట అనలేం. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనల ప్రకారం బీఈడీలో ఒక యూనిట్ అంటే 50 మంది. కోర్సు రెండేళ్లు కాబట్టి, రెండు యూనిట్లు నిండితే కళాశాలలో 200 మంది ఉంటారు. వారికి 16 మంది పూర్తికాలపు అధ్యాపకులు ఉండాలి. ముందు ఈ లెక్క అడగండి.

నా దృష్టిలో అసలు పరీక్ష ఇంటర్న్‌షిప్. రెండేళ్లలో కలిపి 20 వారాలు ప్రతి విద్యార్థీ బడికి వెళ్లాలి. ఎచ్చెర్ల, శ్రీకాకుళం పరిసరాల బడులకే అందరినీ పంపితే తరగతి గదిలో పిల్లల కన్నా ఛాత్రోపాధ్యాయులే (శిక్షణలో ఉన్న బీఈడీ విద్యార్థులే) ఎక్కువవుతారు! మన శ్రీకాకుళం జిల్లాకు ఇంకో అవసరమూ ఉంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాధ్యమం బడులున్నాయి. కొత్తూరు, మెళియాపుట్టి కొండ గ్రామాల్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలున్నారు. ఇంట్లో ఒక భాష, పుస్తకంలో మరో భాష ఉన్న పిల్లలకు అక్షరాలు నేర్పడం ప్రత్యేకమైన నైపుణ్యం. దయచేసి దాన్ని చిన్నచూపు చూడకండి. కొత్త సీట్లతో పాటు ఆ బడులకూ విద్యార్థులను పంపి, వెంట పర్యవేక్షకుణ్ని కూడా పంపే కళాశాలను నేను నిస్సందేహంగా ఎదిగిందంటాను.