డబ్బా ఖాళీగా ఎట్లా ఇచ్చేది?

ప్రశ్న: అమ్మా, మాది కావలి. నాలుగేళ్ళుగా జర్మనీలో ఉంటున్నాం. మా కింద వాటాలో ఉండే పెద్దావిడ నాకు మంచి స్నేహితురాలు. క్రిస్మస్‌కి రేకు డబ్బా నిండా బిస్కెట్లు చేసి ఇచ్చింది. డబ్బా ఖాళీగా ఇవ్వబుద్ధి కావడం లేదు. సంక్రాంతికి అరిసెలు, మనుబూలు (జంతికలు) ఇద్దామంటే మావారు "వాళ్ళు తినరు, చాక్లెట్లు కొనియ్యి" అంటున్నారు. పోయిన ఉగాదికి పచ్చడి ఇస్తే ఒక్క స్పూను తిని, నవ్వి పక్కన పెట్టింది. ఆ టెన్షన్ ఇంకా పోలేదు. పైగా నిరుడు నా అరిసెలు నూనెలోనే విచ్చిపోయాయి. ఏం చేయమంటారు?

జవాబు: జర్మనీ ఆవిడకి జర్మనీ చాక్లెట్లా! ఆ దుకాణం ఆవిడకి తెలీదా ఏంది? ఉగాది పచ్చడి సంగతి వదిలెయ్. వేపపువ్వు మన పిల్లల చేతే బతిమాలి తినిపిస్తాం.

నెల్లూరు రొట్టెల పండక్కి ఎప్పుడైనా వచ్చావా? మొహర్రం రోజుల్లో, బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతున నిలబడి, ముక్కూ మొహం తెలియని వాళ్ళు రొట్టెలు మార్చుకుంటారు. ఒక్కో కోరికకి ఒక్కో రొట్టె: చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, విదేశాలకి వెళ్ళాలనుకునే వాళ్ళకి విదేశీ రొట్టె కూడా ఉంది. ఏ రొట్టె కావాలో అడిగాకే చేతిలో పెడతారు. నువ్వూ ముందు అడుగు, ఆవిడకి ఏవి పడవో.

ఇది నేను బుద్ధి తెచ్చుకుని చెప్తున్న మాట. మా అబ్బాయి దగ్గర కెనడాలో ఆరు నెలలున్నప్పుడు పక్కింటామెకి మనుబూలు ఇచ్చాను. వాళ్ళ పిల్లాడికి గోధుమ పడదు. "అంతా బియ్యప్పిండేనమ్మా" అని ధీమాగా చెప్పి వచ్చాను. ఇంటికొచ్చాక మా కోడలు ఇంగువ డబ్బా తిప్పి చూపించింది. మైదా కలిపి ఉంది! చెప్పులు కూడా వేసుకోకుండా మంచులో పరిగెత్తాను. పిల్లాడు ఇంకా తినలేదు, బతికిపోయాను.

మనం లెక్కలోకి తీసుకోని నువ్వులూ అంతే. ఐరోపాలో ఆహారంలో ఉంటే తప్పకుండా తెలపాల్సిన, కొందరికి పడని 14 రకాల్లో గోధుమలు, పాలు, వేరుశెనగలతో పాటు నువ్వులు, ఆవాలు కూడా ఉన్నాయి. అందుకని చిన్న చీటీ మీద బియ్యం, బెల్లం, నువ్వులు, నెయ్యి అని ఆవిడ భాషలో రాసి డబ్బా మూతకి అంటించు. మీ అమ్మ ఊరినుంచి ఎవరిచేతైనా మలైకాజాలు పంపిస్తానంటే వద్దని చెప్పు. పాలతో చేసినవి బయటి దేశాలనుంచి ప్రయాణికుల సామానులో అక్కడికి రానివ్వరు.

ఇక అరిసెలు. నువ్వు పొడి పిండి ప్యాకెట్ వాడావు కదూ? బియ్యం ఒక పగలూ రాత్రీ నానబెట్టు, మధ్యలో నీళ్ళు మార్చు. వంచి గుడ్డ మీద ఆరబోసి, చేతికి ఇంకా చెమ్మ తగులుతుండగానే మిక్సీ పట్టి జల్లించు. పిడికిట పడితే ఉండ నిలవాలి. ఆరనిచ్చావో, అంతే. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం. పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కావాలి. లేతపాకమైతే విచ్చిపోతాయి, నిరుడు నీకు జరిగింది అదే అయ్యుంటుంది. ముదిరితే మీవారి మాటే నిజమవుతుంది, పళ్ళకి పనిచెప్పే అరిసెలొస్తాయి. మొదట ఒక్కటి వేసి చూసుకో. రెండు గరిటెల మధ్య పెట్టి నూనె గట్టిగా పిండు.

డబ్బా నింపెయ్యకు. నాలుగు అరిసెలు చాలు, అడుగున కాగితం వెయ్యి. మనుబూలు వేరే కవర్లో కట్టు, అరిసెలతో కలిపితే మెత్తబడతాయి. కారం మన చేతివాటంలో సగం వెయ్యి. గుమ్మంలో ఇచ్చేసి పారిపోకుండా కాసేపు కూర్చో. ఆవిడ సగమే తిని పక్కన పెడితే ఏమీ అనుకోకు. ఆ మిగిలిన సగం నువ్వు తినెయ్.