పది రోజుల్లో నాలుగు దేశాలా? చిట్టీ ఎత్తే ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మేం హనుమకొండలో ఉంటాం. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ను, మా వారికి మెడికల్ షాపు ఉంది. పెద్దమ్మాయి ఇప్పుడే ఎనిమిదో తరగతి పూర్తి చేసింది, బాబు నాలుగో తరగతి. అత్తమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. దసరా సెలవుల్లో బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్, బాలి చూసి రావాలని పిల్లల కోరిక. ఏజెంటు పది రోజులకు మనిషికి 1,35,000 అన్నాడు, అంటే అయిదుగురికి 6,75,000. ట్రిప్ కోసమని విడిగా 80,000 దాచాం. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. 5 లక్షల చిట్టీలో 50 నెలలకు 25 కట్టాం, కమీషన్ 5 శాతం. అది అమ్మాయి ఇంటర్ కోసం మొదలుపెట్టింది. హోమ్ లోన్, చిట్టీ, ఇంటి ఖర్చులు పోను నెలకు 30,000 మిగులుతుంది. చిట్టీ ఎత్తాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా? ఈ వారంలోనే 50,000 అడ్వాన్స్ కట్టమంటున్నారు.

జవాబు: టీచర్ గారూ, ముందు అడ్వాన్స్ కట్టడం ఆపండి. మీరు అడిగిన మూడు దారుల్లో ఏదీ వద్దు. ట్రిప్ మాత్రం మానుకోవద్దు. అత్తమ్మ నడవగలిగినప్పుడే, అమ్మాయి పదో తరగతి ఒత్తిడిలో పడకముందే వెళ్లి రావడం మంచిదని నా అభిప్రాయం. అప్పు చేయకుండా వెళ్లాలంటే మాత్రం రెండు మార్చుకోవాలి. నాలుగు నగరాలను రెండు చేయండి, దసరా బదులు వచ్చే ఏడాది మే నెలలో వెళ్లండి.

మీరు పంపిన ఏజెంటు ప్లాన్‌లో నాలుగో రోజు చూడండి. "బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్, సాయంత్రం సిటీ టూర్" అని ఒక్క లైనులో ఉంది. ఆ రోజు అసలు ఎలా గడుస్తుందో చెప్తాను. ఉదయం అయిదింటికి పిల్లల్ని లేపాలి, ఆరున్నరకు గది ఖాళీ చేయాలి. అయిదుగురి సామాను, రెండు ట్యాక్సీలు. ఫ్లైట్‌కు మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. గాలిలో ఉండేది రెండు గంటలే, కానీ అక్కడి గడియారం బ్యాంకాక్ కంటే గంట ముందుంటుంది కాబట్టి ఇంకో గంట పోతుంది. ఇమ్మిగ్రేషన్ లైన్లో అత్తమ్మ నిలబడాలి. సామాను తీసుకుని సిటీలోకి రావడానికి గంట పైనే పడుతుంది. హోటల్ చేరేసరికి నాలుగవుతుంది. ఇక సిటీ టూర్ అంటే 452 మీటర్ల పెట్రోనాస్ టవర్స్ ముందు బస్సు ఆపి ఫొటో తీయించడమే. ఇలాంటి రోజులు మీ ప్లాన్‌లో మూడున్నాయి. హైదరాబాద్ నుంచి పోయే రోజు, వచ్చే రోజు కూడా తీసేస్తే, పది రోజుల డబ్బు కట్టి చూసేది అయిదు రోజులు.

ఊరు మారిన ప్రతిసారీ జేబుకు కూడా పని పడుతుంది. బాలినే తీసుకోండి. మన పాస్‌పోర్టుకు అక్కడ దిగాక ఇచ్చే వీసాకు మనిషికి 5 లక్షల ఇండోనేషియా రుపియా. 2024 ఫిబ్రవరి నుంచి బాలి వచ్చే విదేశీ పర్యాటకులు కట్టే రుసుము ఇంకో లక్షా యాభై వేల రుపియా. అయిదుగురికి కలిపితే మన డబ్బుల్లో సుమారు 17,000. మీకిచ్చిన కాగితంలో కింద చిన్న అక్షరాల్లో "వీసా, స్థానిక పన్నులు అదనం" అని ఉంది, గమనించారా?

దసరా సంగతి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు బ్యాంకాక్‌లో వానలు బాగా పడే రోజులు. పైగా ఆ సెలవుల్లోనే బతుకమ్మ. సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ వదిలి రమ్మంటే అత్తమ్మ వస్తారా? ఒకసారి అడిగి చూడండి. కౌలాలంపూర్, సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాదంతా ఒకే రకం ఉక్క, ఎప్పుడైనా వాన. అందుకే అక్కడికి మే నెల అయినా పర్వాలేదు, మన ఎండల కంటే నయం. సింగపూర్‌లో బడులకు మే చివర్లో సెలవులు మొదలై రద్దీ పెరుగుతుంది కాబట్టి మే రెండో వారం చూసుకోండి.

కౌలాలంపూర్‌లో మూడు రాత్రులు, సింగపూర్‌లో మూడు. రెండింటి మధ్య సుమారు 350 కిలోమీటర్లు, బస్సులో ఆరు గంటలు. సరిహద్దు దగ్గర దిగి పాస్‌పోర్టు తనిఖీ చేయించుకుని మళ్లీ ఎక్కాలి, అదీ పిల్లలకు కొత్తగా ఉంటుంది. వెళ్లేటప్పుడు హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు, వచ్చేటప్పుడు సింగపూర్ నుంచి హైదరాబాద్‌కు టికెట్ తీయండి. మళ్లీ వెనక్కి కౌలాలంపూర్‌కు రావాల్సిన పని తప్పుతుంది.

ఇప్పుడు నా అంచనా, కొంచెం ఎక్కువగానే వేశాను. విమాన టికెట్లు మనిషికి 26,000 చొప్పున 1,30,000. అయిదుగురికి రెండు గదులు కావాలి. కౌలాలంపూర్‌లో మూడు రాత్రులకు 27,000 సరిపోతుంది, సింగపూర్‌లో అవే రెండు గదులకు 66,000 అవుతుంది. ఖర్చులో సింగపూర్ వేరే లోకం, అందుకే అక్కడ నాలుగో రాత్రి వద్దంటున్నాను. బస్సుకు 9,000. సింగపూర్ వీసాకు ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు చార్జీతో కలిపి అయిదుగురికి 15,000. తిండికి, మెట్రోకు రోజుకు 7,000 చొప్పున ఏడు రోజులకు 49,000. ప్రవేశ టికెట్లకు 35,000, ఇన్సూరెన్స్‌కు 6,000, హనుమకొండ నుంచి శంషాబాద్ పోయి రావడానికి కారుకు 10,000. మొత్తం 3,47,000. దీనిపై పది శాతం చేతిలో ఉంచుకోండి, సుమారు 3,82,000 అవుతుంది.

ప్రవేశ టికెట్లకు 35,000 తక్కువనిపించవచ్చు. కానీ చూడదగ్గవి చాలా ఉచితమే. కౌలాలంపూర్ దగ్గర బటు గుహల కింద 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం ఉంది, 2006లో నిలబెట్టారు. సిటీ నుంచి కొమ్యూటర్ రైలు నేరుగా అక్కడికి పోతుంది, చార్జీ నామమాత్రం. గుహలోకి 272 మెట్లు. పిల్లలు, మీరు ఎక్కండి. అత్తమ్మ కింద స్వామి ముందు కూర్చుంటారు, ఆమెకు దర్శనం అక్కడే అవుతుంది. సింగపూర్‌లో గార్డెన్స్ బై ద బే తోటలో ఆ పెద్ద ఇనుప చెట్ల మీద రోజూ సాయంత్రం వేసే లైట్ల షోకు పైసా లేదు. డబ్బు పెట్టి చూసేది పిల్లలనే ఒక్కటి ఎంచుకోమనండి.

ఇక చిట్టీ. ఈ నెల పాటలో 1,25,000 తగ్గించుకుని ఎత్తారనుకుందాం, చేతికి 3,75,000 వస్తుంది. చివరిదాకా ఆగితే కమీషన్ 25,000 పోను 4,75,000. ఇప్పుడు తీసుకున్నందుకు లక్ష వదులుకుంటున్నారు, ఏడాదికి దాదాపు 12 శాతం వడ్డీ కట్టినట్టు లెక్క. పైగా ఎత్తుకున్నాక కంపెనీ జమానతు అడుగుతుంది, మీ స్టాఫ్ రూములోనే ఇద్దరు ముగ్గుర్ని సంతకం కోసం బతిమాలాలి. వీటన్నిటికంటే నన్ను ఆపేది ఇది: మిగిలిన 25 నెలలు అయిపోయేది సరిగ్గా అమ్మాయి ఇంటర్‌లో చేరే జూన్‌లో. మీరు ఆ లెక్కతోనే మొదలుపెట్టారు, ఎంత ముందుచూపు! దాన్ని ముట్టుకోకండి. ఒక్క జాగ్రత్త చెప్తాను. మన వరంగల్‌లో చిట్టీ డబ్బు కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లను చూసి బాధపడ్డాను. మీ చిట్టీ రిజిస్టరైనదేనా, ఎత్తుకున్నవాళ్లకు డబ్బు సమయానికి ఇస్తున్నారా అని కనుక్కోండి. ఆలస్యం చేస్తున్నారంటే మాత్రం నా సలహా మారుతుంది: నష్టమైనా ఎత్తి, ఆ డబ్బు అమ్మాయి పేర ఎఫ్‌డీ చేయండి.

పర్సనల్ లోన్ అయితే, 6 లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలలకు ఈఎంఐ 20,500. వడ్డీయే 1,38,000 అవుతుంది. అమ్మాయి ఇంటర్ సెకండ్ ఇయర్‌లో ఉన్నప్పుడు కూడా మీరు బాలి కిస్తీ కడుతూ ఉంటారు. ఎఫ్‌డీ గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, షాపు వ్యాపారం. ఆ 3 లక్షలు ఆసుపత్రికో, షాపులో సరుకు ఇరుకైన నెలకో ఉండాల్సిందే.

మిగిలే 30,000లో 25,000 ట్రిప్‌కు పెడదాం. మొత్తాన్ని ఒకే ఆర్‌డీలో, అంటే నెలనెలా కట్టే డిపాజిట్‌లో, వేస్తే చిక్కు ఉంది: టికెట్ల డబ్బు జనవరిలో కావాలి, ఆర్‌డీ మేలో చేతికొస్తుంది. అందుకే విడగొట్టండి. ఈ మే నుంచి 10,000తో ఎనిమిది నెలల ఆర్‌డీ, 15,000తో పన్నెండు నెలల ఆర్‌డీ. బ్యాంకులోనే తెరవండి, పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది. జనవరిలో మొదటిది చేతికొచ్చి, మీరు దాచిన 80,000తో కలిపితే 1,60,000 పైన అవుతుంది. టికెట్లు, వీసాల ఖర్చు అందులో తీరుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ 10,000ను సేవింగ్స్ ఖాతాలో వదిలేయండి. మే మొదటికి అన్నీ కలిపి వడ్డీతో 3,88,000 దాకా చేరుతుంది. చూశారా, ఎవరికీ బాకీ లేదు.

అక్కడ ఖర్చు పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. చాలా కార్డులు విదేశీ ఖర్చుపై 3.5 శాతం మార్కప్ అనే అదనపు చార్జీ, దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తాయి, అంటే వందకు 4 రూపాయల పైన. ఫారెక్స్ కార్డులో రింగిట్, సింగపూర్ డాలర్లు వేసుకుని వెళ్తే ఇది తప్పుతుంది. షాపులో కార్డు పెట్టగానే మెషీన్ తెరపై రెండు అంకెలు వస్తాయి, ఒకటి రింగిట్‌లో, ఒకటి మన రూపాయల్లో. రూపాయలు కనిపించగానే మనవాళ్లకు ప్రాణం లేచొచ్చి అదే నొక్కుతారు. అక్కడే వాళ్లు తమకు నచ్చిన రేటు వేస్తారు. ఎప్పుడూ ఆ దేశం డబ్బే నొక్కండి. కార్డు మీ వారి చేతిలో ఉంటే ఆయనకు ఇప్పుడే చెప్పి పెట్టండి.

రేపు ఎప్పుడైనా ప్యాకేజీయే కొనాలనుకుంటే టీసీఎస్ గురించి, అంటే అమ్మేటప్పుడే మన దగ్గర వసూలు చేసే పన్ను గురించి అడగండి. 2023 అక్టోబరు నుంచి 7 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2025 ఏప్రిల్‌లో ఆ పరిమితిని 10 లక్షలకు పెంచారు. బడ్జెట్లలో మారుతూ ఉండే రేటు ఇది, కొనే రోజున ఎంతో కనుక్కోండి. అది పోయే డబ్బేమీ కాదు, రిటర్న్ వేసేటప్పుడు మీ పన్నులో సర్దుకోవచ్చు. కానీ ఆ రోజు చేతి నుంచి కట్టాలి, ఏజెంటు చెప్పే ధరలో చాలాసార్లు అది కలిసి ఉండదు. ఉద్యోగిగా మీకొచ్చే ప్రయాణ రాయితీ, ఎల్‌టీసీ, విదేశాలకు పనికిరాదు, దాన్ని లెక్కలో పెట్టుకోకండి.

డబ్బు సిద్ధమైనా కాగితాలు లేక ఆగిపోయిన ట్రిప్పులు చూశాను. మీరు ప్రభుత్వ ఉద్యోగి, విదేశాలకు వెళ్లడానికి శాఖ నుంచి ముందస్తు అనుమతి ఉండాలి. దసరా కాగానే దరఖాస్తు పెట్టండి, అది వచ్చాకే టికెట్లు కొనండి. మలేషియా 2023 డిసెంబరు నుంచి మనకు 30 రోజుల వరకు వీసా అడగడం లేదు. ఆ మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా అని ప్రకటించారు, కాబట్టి టికెట్ కొనే రోజు మళ్లీ చూసుకోండి. రెండు దేశాలకూ చేరడానికి ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. ప్రభుత్వ సైట్లలో అది ఉచితం. డబ్బు అడిగిన సైటు అసలుది కాదని గుర్తు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అత్తమ్మకు బీపీ, షుగర్ లాంటివి ఏమున్నా దాచకుండా రాయించండి. దాచితే క్లెయిమ్ రోజున ఆ పాలసీ పనికిరాదు. సకినాలు, పచ్చళ్లు, పొడులు పెట్టుకోండి, తిండి ఖర్చు తగ్గుతుంది. అయితే గసగసాలు, గసాలు వేసిన మసాలా పొడి వద్దు, సింగపూర్‌లో అవి నిషిద్ధం. గుట్కా, నమిలే పొగాకు కూడా అంతే.

ఏజెంటుకు ఫోన్ చేసి, మేలో వెళ్లే ఈ రెండు నగరాల ట్రిప్‌కు సింగపూర్ వీసా పని వరకే చూడమనండి, ఒప్పుకుంటే ఆ పని ఆయనకే ఇవ్వండి. ఈ వారం చేయాల్సిన పని ఇంకొకటుంది. అత్తమ్మకు, పిల్లలకు పాస్‌పోర్టులు లేకపోతే వరంగల్ హెడ్ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది. పెద్దలకు 1,500, పిల్లలకు 1,000, అరవై దాటినవారికి పది శాతం తగ్గింపు. స్లాట్ తీసుకునే ముందు అత్తమ్మ ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయేమో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తరం వాళ్ల కాగితాల్లో ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే. ఇప్పుడు దిద్దించుకుంటే జనవరికల్లా పాస్‌పోర్టు చేతిలో ఉంటుంది.