నల్లచెక్క బొమ్మలకు కొలువులో చోటు

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. దసరాకు ఏటా ఏడు మెట్ల బొమ్మల కొలువు పెడతాం. మా అబ్బాయి ఇక్కడే ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాడు. వాడికి క్లాసులో టాంజానియా అబ్బాయి ఒకడు బాగా స్నేహితుడు. సెలవులకు ఊరెళ్లి వస్తూ మా కొలువు కోసమని నల్లచెక్కతో చెక్కిన ఆలుమగల బొమ్మలు తెచ్చిచ్చాడు. మా అత్తయ్యగారు వాటిని చూసి, 'దిష్టిబొమ్మల్లా ఉన్నాయి, అమ్మవారి దగ్గర పెడతారా' అని అలమరలో పెట్టించేశారు. మా పాపకు ఎనిమిదేళ్లు, వాళ్ల నాన్న రంగు వచ్చింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి స్నానాల గదిలో శనగపిండితో మోచేతులు ఎర్రబడేలా రుద్దుకుంటోంది. పండక్కి ఆ అబ్బాయిని భోజనానికి పిలిచాం. బొమ్మలేవి అని అడిగితే ఏం చెప్పను? అత్తయ్యగారిని నొప్పించకుండా ఏం చేయను?

సమాధానం: ముందు పాప సంగతి చూద్దాం. బొమ్మల గొడవ కొలువు దించేలోపు ఎలాగైనా తేలుతుంది, ఇది అలా వదిలేస్తే తేలదు.

మోచేతి దగ్గర చర్మం మందంగా ఉంటుంది. ఎవరికైనా అక్కడ రంగు కాస్త ముదురే. రుద్దేకొద్దీ ఇంకా నల్లబడుతుంది. అంటే పాప ఎంత కష్టపడితే అంత ఓడిపోతుంది. ఈ ముక్క తనకు కోప్పడకుండా చెప్పండి, ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. వారం రోజులు స్నానం దగ్గర మీరే ఉండి, సబ్బు మాత్రమే వాడి, కాస్త కొబ్బరినూనె రాయండి. ఇంట్లో ఎవరివైనా తెల్లబడే క్రీములుంటే పాపకు అందకుండా తీసేయండి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, హైడ్రోక్వినోన్ అన్న పేర్లలో ఏది కనబడినా అది పిల్లలు సరదాగా పూసుకునేది కాదు. మొదటి మూడూ స్టెరాయిడ్లు, డాక్టరు చెప్పకుండా వాడితే చర్మం పల్చబడుతుంది.

ఇక మాటలు. ఇలాంటప్పుడు తల్లులు ప్రేమ కొద్దీ రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, 'నువ్వు నలుపెక్కడున్నావే, చామనఛాయ' అనడం. అద్దంలో తనకు కనబడుతూనే ఉంది కదా. అమ్మ అబద్ధమాడుతోందంటే నలుపు నిజంగానే చెడ్డదన్నమాట అనుకుంటుంది. రెండోది ఇంకా మెత్తగా దిగుతుంది: 'నల్లగా ఉన్నా కళగా ఉంటావు.' ఆ 'ఉన్నా'లోనే ఉంది తంటా అంతా. 'నల్లగా, కళగా ఉన్నావు' అని చూడండి, ఆ ఒక్క ముక్క తీస్తే మాట ఎంత మారిందో. మన భాషలో తెలుపును 'మంచి రంగు' అనీ, నలుపును 'రంగు తక్కువ' అనీ అంటాం, నలుపు రంగే కానట్టు. ఇంట్లో ఈ రెండు మాటలూ మానేస్తే సగం పని అయినట్టే.

'నాయనమ్మ బొమ్మల్ని అలా అంది కదా, నీకు ఏమనిపించింది?' అని ఒకసారి అడిగి, తను చెప్పేది పూర్తయ్యేదాకా ఆగండి. 'ఏ బొమ్మ బాగుంది, ఏ బొమ్మ బాగాలేదు' అని మాత్రం పరీక్ష పెట్టొద్దు. 1940ల్లో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వవేత్తల జంట 3 నుంచి 7 ఏళ్ల నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మ, గోధుమరంగు బొమ్మ పెట్టి ఇలాగే అడిగారు. ఎక్కువమంది పిల్లలు తెల్లదాన్నే మంచిదన్నారు. తర్వాత 'నీలా ఉన్నదేది' అని అడిగితే కొందరు ఏడ్చారు. 1954లో బడుల్లో తెల్లా నల్లా పిల్లల్ని వేరు చేయడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఈ పరిశోధననూ ఉదహరించింది. అంత బరువైన ప్రశ్న ఇంట్లో సరదాకి వేసేది కాదు.

ఇప్పుడు మీ కొలువు ముందు పాప ఎత్తుకు వంగి ఒకసారి మెట్లన్నీ చూడండి. రాముడు, కృష్ణుడు నీలం. లక్ష్మీ సరస్వతులు గులాబీ తెలుపు. అమ్మవారి కాలికింద మహిషుడు నలుపు. గుమ్మానికి వేలాడే దిష్టిబొమ్మ నలుపు. చాలా కొలువుల్లో కింది మెట్టు మీద గౌను వేసుకున్న దొరసాని బొమ్మ కూడా ఉంటుంది, అది ఏ పురాణంలోదని ఎవరూ అడగరు. కృష్ణ అన్న మాటకే నలుపని అర్థం, ద్రౌపదికీ ఆ పేరుంది, మీ ఊరి పక్కన పారే ఏటికీ అదే పేరు. తిరుమల మూలవిరాట్టు నల్లరాయి. దేవుడి దగ్గరికొచ్చేసరికి నలుపును నీలం చేసి, రాక్షసుడి దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు పూస్తున్నాం. ఎవరూ నోరు విప్పకుండానే పిల్లలకు ఎక్కే పాఠం ఇది. అత్తయ్యగారి నోట వచ్చింది ఆ పాఠమే, దాన్ని ఆవిడ కొత్తగా పుట్టించలేదు. అందుకే ఆవిడతో తగవుకు దిగి లాభం లేదు.

ఆవిడతో మీరు కాదు, మీవారు మాట్లాడాలి. కోడలు చెబితే ఎదురుచెప్పినట్టు ఉంటుంది, కొడుకు చెబితే ఇంటి మాటగా ఉంటుంది. పైగా పాపది ఆయన రంగే. పేరంటాళ్ల ముందు కాకుండా, మధ్యాహ్నం భోజనమయ్యాక కూర్చోబెట్టుకుని చెప్పమనండి: 'అమ్మా, బొమ్మల గురించి నువ్వన్న మాట పాప తనకనుకుంది. మోచేతులు చూడు.' అంతవరకే చెప్పి పాప చేతులు చూపిస్తే చాలు. ఉపన్యాసం వద్దు, 'జాత్యహంకారం' లాంటి పెద్దమాట అసలే వద్దు. చాలామంది నాయనమ్మలు ఇక్కడే కరుగుతారు. కరగకపోయినా సంప్రదాయం మీ పక్షానే ఉంది. కొలువులోకి ఏటా ఒక కొత్త బొమ్మయినా రావాలన్నది పాత ఆనవాయితీ. కింది మెట్లు మొదట్నుంచీ మనుషులవే: కల్లుగీత కార్మికుడు, బండి తోలేవాడు, రోకటి పోటు ఆడవాళ్లు. తిరుపతి నుంచి తెచ్చుకునే ఎర్రచందనం జంట బొమ్మలు ముదురు రంగువే కదా, వాటిని ఎవరూ దిష్టిబొమ్మలనలేదు. ఈ ఆలుమగల్ని వాటి చుట్టాలనుకోమనండి.

మీరు చెప్పినదాన్ని బట్టి అవి మకొండే పనితనంలా ఉన్నాయి, ఆ అబ్బాయిని అడిగి ఖాయం చేసుకోండి. మకొండేలు టాంజానియా దక్షిణాన, మొజాంబిక్ ఉత్తరాన ఉండే జనం, చెక్క శిల్పాలకు పేరుపడ్డవాళ్లు. వాళ్లు ఎక్కువగా చెక్కే కర్రను స్వాహిలీలో ఎంపింగో అంటారు. దాని చేవే నలుపు, పైన ఎవరూ రంగు పూయరు. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. క్లారినెట్లు చేసేదీ ఈ కర్రతోనే. కొండపల్లి బొమ్మ దీనికి పూర్తిగా ఎదురు: తెల్ల పొనికి కర్ర దూదిలా తేలిక, చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల జిగురుతో చేసిన మక్కుతో అతికిస్తారు. అందుకని ఈ రెండు బొమ్మల్నీ పై మెట్ల అంచున పెట్టకండి, జారితే కింద ఉన్నవాటి చేతులు విరుగుతాయి. పైనుంచి అయిదో మెట్టు మీద, కొండపల్లి పల్లెజనం మధ్యలో పెట్టండి. చవక బొమ్మలకు మామూలు కర్ర మీద బూట్ పాలిష్ పట్టించి అమ్మేవాళ్లూ ఉన్నారు. పొడి తెల్లగుడ్డతో అడుగున రుద్ది చూడండి, నలుపు అంటితే కింద కాగితం వేయండి, లేకపోతే మెట్ల మీది పంచె పాడవుతుంది. ఎలాంటి చెక్క బొమ్మకైనా తడిగుడ్డ వద్దు.

చోటిచ్చేవాళ్లు కూడా ఒకచోట తప్పటడుగు వేస్తారు. నల్ల బొమ్మ అనగానే పక్కన ప్లాస్టిక్ సింహం, రెండు ఏనుగులు, పచ్చగడ్డి చేర్చి 'ఆఫ్రికా అడవి' కట్టేస్తారు. ఆ బొమ్మల్ని తెచ్చిన పిల్లాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడని గుర్తుంచుకోండి. పేరు చీటీ రాస్తే 'మకొండే, టాంజానియా' అని రాయండి, మనది 'కొండపల్లి' అని రాసుకున్నట్టే.

పాప కోసం ఒక బొమ్మ చేయించాలనుకుంటే కొండపల్లి ఎంతో దూరం లేదు. చెక్కి, అతికి, సున్నం పూత వేసి ఆరాక చివర్న రంగులు వేస్తారు. ముఖం రంగు తేలేది అప్పుడే, కాబట్టి తెల్లపూత మీద ఉన్న బొమ్మను ఎంచుకుని చెప్పాలి. దసరాకు ముందు వాళ్లకు ఊపిరాడదు, కనీసం నెల ముందు వెళ్లండి. పాపను తీసుకెళ్లి, తన చెయ్యి పక్కన పెట్టి రంగు కలపమనండి. డబ్బాలోని నలుపు యథాతథంగా వద్దు. పెద్ద ఎర్ర పెదాలు, తెల్లగా మిడిగుడ్లు అసలొద్దు. 19వ శతాబ్దపు అమెరికాలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించిన నాటకాల్లో వేషం అదే.

భోజనం సంగతికొస్తే, మూలా నక్షత్రం రోజు వద్దు. దుర్గమ్మ కొండ మీద రద్దీకి ఊళ్లో దారులు మళ్లిస్తారు, పిల్లవాడు గంటలు ఇరుక్కుంటాడు. సాయంత్రం పేరంటం వేళా వద్దు, ముప్ఫైమంది ఆడవాళ్ల మధ్య వింతగా నిలబెట్టినట్టవుతుంది. మధ్యాహ్నం, మరో ఇద్దరు క్లాస్‌మేట్లతో కలిపి పిలవండి. ఏమి తినడో మీ అబ్బాయి చేత ముందే అడిగించండి. గుంటూరు మిరపకాయ కారం సగానికి తగ్గించి, కావాలంటే వేసుకోమని పచ్చడి పక్కన పెట్టండి. వాళ్ల ఊళ్లో రోజూ తినే ఉగాలి మొక్కజొన్న పిండితో చేసిన సంకటే, కుడిచేత్తో ముద్ద చేసుకునే తింటారు. చపాతీని అక్కడా చపాతీ అనే అంటారు. స్పూన్ ఇవ్వాలా అని కంగారుపడకండి.

ముందురోజే వాచ్‌మన్‌కు పేరు చెప్పి ఉంచండి. గేటు దగ్గర పది ప్రశ్నలడిగితే తర్వాత ఎన్ని బొబ్బట్లు పెట్టినా ఆ చేదు పోదు. పక్కింటి పిల్లలకు జుట్టు ముట్టుకోవద్దని, పెద్దలకు 'నీగ్రో' అనొద్దని ముందే చెప్పాలి. ఆ మాట ఇంగ్లీషులో మామూలే అనుకునే వయసువాళ్లు ఇంకా ఉన్నారు, అతనికి మాత్రం అది తిట్టు. 'ఇలాంటివాళ్లు మన దగ్గరికెక్కడ్నుంచి వచ్చారు' అని ఎవరైనా అంటే, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందని చెప్పండి. రాత్రికి ఉండిపొమ్మంటే మాత్రం ఒక నిబంధన ఉంది: విదేశీయులకు బస ఇచ్చిన ఇంటివాళ్లు 24 గంటల్లోగా ఆన్‌లైన్లో వివరాలు తెలపాలి.

స్వాహిలీలో పెద్దవాళ్లకు పెట్టే నమస్కారం వేరే ఉంది, 'షికమో' అంటారు. దానికి పెద్దలు 'మరహబా' అని జవాబివ్వాలి. వీలైతే పాప చేత నాయనమ్మకు ఆ ఒక్క మాట నేర్పించండి. ఆవిడకు చేయడానికి ఒక పని ఉంటుంది, పాపకు నేర్పించడానికి ఒకటి ఉంటుంది.

బొమ్మలేవి అని అడిగేలోపు అవి మెట్టు మీదే ఉంటే మంచిది. ఒకవేళ అత్తయ్యగారు ఒప్పుకోకపోతే 'పగిలాయి', 'ఇంకా విప్పలేదు' లాంటివి అల్లొద్దు. కొలువు కాకపోయినా హాల్లో అందరికీ కనబడే చోట బల్ల మీద పెట్టండి. అడిగితే మీ అబ్బాయి ఇలా చెప్పాలి: 'మా నాయనమ్మకు కొలువులో కొత్తరకం బొమ్మలంటే ఇంకా అలవాటు కాలేదు. నాకు, అమ్మకు నచ్చాయి, అందుకే ఇక్కడ పెట్టుకున్నాం.' ఇలాంటిది అతను ఇదివరకు చూడకుండా ఉండడు. స్నేహితులు అబద్ధం చెప్పారని తర్వాత తెలిస్తేనే ఎక్కువ బాధ.

పాప రుద్దుకోవడం రెండు వారాల్లో తగ్గకపోయినా, చర్మం ఊడేదాకా వచ్చినా, ఫొటోలకు దూరంగా దాక్కుంటున్నా, బడి మానేస్తానన్నా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

విజయదశమి రాత్రి బొమ్మను పడుకోబెట్టే పని ఈసారి పాపకే ఇవ్వండి, ఏ బొమ్మనో తననే ఎంచుకోనివ్వండి. మర్నాడు సర్దేటప్పుడు నల్లచెక్క జంటను పాత పంచెలో చుట్టి వేరే డబ్బాలో, లేదా కొండపల్లి బొమ్మల కింద పెట్టండి. పైన పెడితే వచ్చే ఏడాదికి సగం బొమ్మలకు చేతులుండవు.