డిమాండ్ అంచనాకి అందకపోతే ఆటోమేటెడ్ గోడౌన్‌ని ఎంత సైజులో కట్టాలి?

ఫ్యాక్టరీ పక్కనే మెషీన్లే సరుకు పెట్టి తీసే ఆటోమేటెడ్ గోడౌన్ కడుతున్నాం, అమ్మకాలు ఏడాదికో రకంగా ఉన్నాయి, పదిహేనేళ్లు పనికొచ్చేలా కెపాసిటీ ఎంత పెట్టాలి అని కదా మీరు అడిగింది. నేను శ్రీసిటీ వైపు ఏసీలు నిల్వ చేసే గోడౌన్‌లో ప్లానింగ్ చూస్తాను కాబట్టి మా సరుకు సంగతే చెబుతాను.

2024 ఎండలకి ఏసీలు విపరీతంగా అమ్ముడయ్యాయి. మరుసటి ఏడాది మే నెలలోనే వానలు, సీజన్ చప్పబడిపోయింది. ఆగస్టు 15న జీఎస్టీ తగ్గిస్తామని ప్రకటన వచ్చేసరికి కొందామనుకున్నవాళ్లు కూడా ఆగిపోయారు, సెప్టెంబర్ 22న పన్ను 28 శాతం నుంచి 18కి దిగేదాకా షాపులవాళ్లు సరుకు ఎత్తలేదు, దిగాక అందరూ ఒకేసారి లారీలు పంపారు. దీని వెనకే 2026 జనవరి నుంచి కొత్త స్టార్ రేటింగు. ఇవన్నీ ముందే చెప్పే ఫోర్‌కాస్ట్ ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

ఇక్కడ చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. అమ్మకాలు బాగుంటే గోడౌన్ ఖాళీగా ఉంటుంది, మెషీన్లకి ఊపిరాడదు. అమ్మకాలు పడిపోతే మెషీన్లు ఊరికే నిలబడతాయి, ర్యాకులు మాత్రం నిండిపోతాయి. అంటే గోడౌన్‌లో ఎంత సరుకు పడుతుంది అన్నది ఒక లెక్క, గంటకి ఎంత బయటికి వస్తుంది అన్నది వేరే లెక్క, రెండూ ఒకే రోజు పీక్‌కి రావడం అరుదు. స్టాకర్ క్రేన్ (ర్యాకుల మధ్య సందులో నడుస్తూ సరుకు పెట్టి తీసే క్రేన్) పెడితే సందుకి ఒక క్రేన్, దాని వేగం అంతే, తర్వాత పెంచలేరు. షటిల్ సిస్టమ్‌లో అయితే ర్యాకుల లోపల తిరుగుతూ సరుకు మోసే చిన్న బళ్లు తర్వాత కూడా కొనుక్కోవచ్చు, కాకపోతే లిఫ్టులు, కన్వేయర్ మొదటే సరిపడా ఉండాలి, లేదంటే ఎన్ని బళ్లు కొన్నా లిఫ్టు దగ్గర క్యూ కడతాయి. ఒకదాని వెనక ఒకటి పెట్టే డబుల్ డీప్ ర్యాకుల్లో ఇంకో చిక్కు. 85, 90 శాతం దాటి నిండితే వెనక ప్యాలెట్ (సరుకు పేర్చే పలక) కోసం ముందుది జరపడంతోనే క్రేన్‌కి సరిపోతుంది. వెండర్ చూపించే స్పీడు ఎంత నిండినప్పటి లెక్కో అడగండి, కాసేపు నీళ్లు నములుతారు.

అందుకే నా సలహా, ఆటోమేషన్‌ని పీక్‌కి కట్టకండి. ఏడాదంతా తప్పకుండా ఉండే కదలికకి కట్టి, మిగిలింది మామూలు ర్యాకులు, ఫోర్క్‌లిఫ్టులు, సీజన్‌లో అద్దె షెడ్డు మీద నడపండి. మేనేజ్‌మెంట్‌కి ఇది వెనకబడ్డట్టు కనిపిస్తుంది, పర్లేదు. నేల, పునాది, షటిల్ దారులు మాత్రం రెండో విడతకి సరిపడా ఇప్పుడే వేయించండి, నడుస్తున్న గోడౌన్‌లో నేల తవ్వడమంత టెన్షన్ ఇంకోటి లేదు.

కరెంటు విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. రూఫ్ సోలార్ బరువుని డిజైన్‌లోనే కలపండి, క్రేన్ దిగేటప్పుడు పుట్టే కరెంటుని తిరిగి వాడుకునే డ్రైవ్‌లు అడగండి.

అసలు గొడవ పాతబడటంతో వస్తుంది. ర్యాకు స్టీలు పాతికేళ్లు నిలుస్తుంది గానీ కంట్రోల్ కార్డులు, సెన్సర్లు పదేళ్లకే మార్కెట్లో దొరకడం కష్టమవుతుంది. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) రేటు మీద బేరం తర్వాత చూసుకోవచ్చు, ముందు స్పేర్లు ఎన్నేళ్లు ఇస్తారో, వెండర్ మూతపడితే ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ మీ చేతికి వస్తుందో రాయించుకోండి. ఒప్పందంలో ఆ లైను కోసం సంతకం ఒక నెల వెనక్కి పోయినా పోనివ్వండి.