టెక్ సందేహాలు: సన్న డ్రిల్ బిట్స్ విరగకుండా ఉండాలంటే ఏవి కొనాలి?

ప్రశ్న: ఓడలు, రైలింజన్ల మోడల్స్ చేస్తుంటాను. ప్లాస్టిక్, ఇత్తడి రెండూ వాడతాను. ఆన్‌లైన్‌లో కొన్న 0.5 నుంచి 1 మిల్లీమీటరు బిట్స్ రెండు మూడు బెజ్జాలకే విరిగిపోతున్నాయి. బంగారు రంగు కోటింగ్ ఉన్నవి కొనాలా, కార్బైడ్‌వి కొనాలా? నా దగ్గర పిన్ వైస్ (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడి), చేతిలో పట్టుకునే చిన్న రోటరీ టూల్ ఉన్నాయి.

జవాబు: చేత్తో పట్టుకుని పనిచేసేవాళ్లకు కార్బైడ్ వద్దు. టంగ్‌స్టన్ కార్బైడ్ చాలా గట్టిది, పదును ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ అది వంగదు. చెయ్యి కాస్త పక్కకు వాలిందంటే పుటుక్కున విరుగుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, రంగు రింగులతో కనిపించే బిట్స్ సర్క్యూట్ బోర్డుల తయారీ కోసం చేసినవి. వాటి షాంక్ (యంత్రం పట్టుకునే వెనక భాగం) మందం 3.175 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఏమాత్రం కదలని యంత్రంలో వాడటానికి వాటిని తయారు చేశారు. మీ దగ్గర మంచి డ్రిల్ స్టాండ్ ఉండి, వస్తువును బిగించి పెట్టగలిగితే తప్పకుండా కొనండి, ఇత్తడిలో చాలా శుభ్రమైన బెజ్జాలు పడతాయి. లేకపోతే మీకు సరిపోయేది హెచ్ఎస్ఎస్, అంటే హై స్పీడ్ స్టీల్. అది కాస్త వంగి తట్టుకుంటుంది.

బంగారు రంగు సాధారణంగా టైటానియం నైట్రైడ్ కోటింగ్‌ది. గట్టి లోహాల్లో వేగంగా తొలిచేటప్పుడు అరుగుదల తగ్గిస్తుంది. ప్లాస్టిక్‌లో, ఇత్తడిలో చేత్తో తిప్పేవాళ్లకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మొన సరిగ్గా సాన పట్టారో లేదో ఆ రంగు చెప్పదు, అసలు చూడాల్సింది మొననే. కోబాల్ట్ కలిసిన స్టీల్ కూడా మీ పనికి అక్కర్లేదు, అది స్టెయిన్‌లెస్ స్టీల్ లాంటి వాటికి.

ఇరవై సైజుల సెట్టు చూడగానే కొనాలనిపిస్తుంది. అందులో మీరు నిజంగా వాడేవి మూడో నాలుగో. ఆ డబ్బుతో 0.5, 0.8, 1 మిల్లీమీటరు బిట్స్ ఒక్కో సైజులో పదేసి కొనుక్కోండి. పరిశ్రమలకు టూల్స్ అమ్మేవాళ్ల దగ్గర ఇలా విడిగా దొరుకుతాయి. వివరాల్లో 'ఫుల్లీ గ్రౌండ్' (గాడులతో సహా సాన పట్టి చేసినది) అని, స్టాండర్డ్ నంబరు ఉందేమో చూడండి. డిన్ అనేది జర్మన్ ప్రమాణం: డిన్ 338 అంటే మామూలు పొడవు, డిన్ 1897 అంటే పొట్టి రకం. మీకు పొట్టివే మేలు.

పొడవు గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, విరగడంలో సగం సంగతి అక్కడే ఉంది. 1 మిల్లీమీటరు బిట్‌తో పోలిస్తే 0.5 బిట్ వంపును తట్టుకునే బిగువు పదహారో వంతే. అదే బిట్‌ను కోలెట్‌లోకి, అంటే దాన్ని బిగించే పట్టులోకి, లోపలికి తోసి, బయట ఉండే పొడవు సగం చేస్తే బిగువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది. బెజ్జం లోతుకు కావలసినంతే బయట ఉంచండి.

పార్సిల్ రాగానే రెండు పరీక్షలు చేయండి. అద్దం ముక్క మీద బిట్‌ను దొర్లించండి, వంకరగా ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది. తర్వాత భూతద్దంలో మొన చూడండి. కోసే అంచులు రెండూ ఒకే పొడవులో ఉండాలి. ఒకటి పెద్దదైతే బెజ్జం కొలత కన్నా వెడల్పవుతుంది, బిట్ మీద భారమూ ఒకవైపే పడుతుంది. అలాంటిది వస్తే వెనక్కి పంపేయండి.

రోటరీ టూల్‌లో బిట్‌ను పట్టే చక్‌ను కూడా అనుమానించండి. అది 0.1 మిల్లీమీటరు ఊగినా, 0.5 బిట్‌కు తన మందంలో ఐదో వంతు! ప్లాస్టిక్‌కైతే పిన్ వైసే హాయి. మోడల్స్‌లో వాడే పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. మోటారు వేగానికి కరిగి, గాడుల్లో అతుక్కుని, చల్లారాక బిట్‌ను పట్టేస్తుంది. ముందు సూదితో చిన్న గుంట పెట్టండి. నాలుగైదు చుట్లు తిప్పి బయటికి తీసి, పొట్టు దులిపి మళ్లీ దించండి. ఇత్తడి బిట్‌ను లోపలికి లాగేసుకుంటుంది, ముఖ్యంగా అవతలి వైపుకు బయటపడే క్షణంలో. అక్కడ చెయ్యి తేలిక చేయండి.

ప్రశ్న: ఇత్తడి భాగంలో బిట్ విరిగి ముక్క లోపలే ఉండిపోయింది. భాగం పాడవకుండా తీయొచ్చా?

జవాబు: హెచ్ఎస్ఎస్ బిట్ అయితే తీయొచ్చు. గడియారాలు బాగుచేసేవాళ్ల పాత పద్ధతి ఒకటుంది: పటిక. గాజు లేదా పింగాణీ గిన్నెలో వేడి నీళ్లలో కరిగినంత పటిక కలిపి, ఆ భాగాన్ని అందులో ముంచి వేడిగా ఉంచండి. పటిక ద్రావణం ఉక్కును మెల్లగా తినేస్తుంది, ఇత్తడిని దాదాపు ముట్టుకోదు. గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు దాటుతుంది, ఓపిక పట్టండి. ఉక్కు స్క్రూలు, స్ప్రింగులు ఏవైనా ఉంటే ముందే విప్పేయండి, లేకపోతే అవీ పోతాయి. గాలి ఆడే చోట చేయండి. కార్బైడ్ ముక్క అయితే పటికకు లొంగదు.

ప్రశ్న: 0.5 మిల్లీమీటర్ల తీగకు ఏ బిట్ వాడాలి?

జవాబు: జిగురు పెట్టి అతికించేదైతే 0.6. తీగ కదలకుండా బిగుతుగా కూర్చోవాలంటే 0.5తో తొలిచి చూడండి, దూరకపోతే 0.55కి వెళ్లండి. తీగ మందాన్ని ముందు కాలిపర్‌తో కొలుచుకోండి, ప్యాకెట్ మీద రాసిన అంకెకు, అసలు మందానికి తేడా ఉండొచ్చు.