ఎవరు అడుగుతున్నారో చూసుకో

చందూ,

మారతహళ్లిలో ఎవరో సర్వే అని ఆపి, ఆరు నెలల్లో కారు కొనే ఆలోచన ఉందా అంటే, వదిలించుకోవడానికి ఉందని చెప్పేశానన్నావు. అప్పట్నుంచీ రాత్రిళ్లు కార్ల వీడియోలే చూస్తున్నావట, అమ్మ చెప్పింది. ఇది నీ ఒక్కడికే వచ్చింది కాదురా. 1993లో అచ్చైన ఒక అమెరికా అధ్యయనం 40 వేలకు పైగా కుటుంబాల వివరాలు చూసింది. కారు కొంటారా అని ముందే అడిగిన ఇళ్లవాళ్లు, అడగనివాళ్లకంటే ఎక్కువగా కొన్నారు.

ఇలా అడగడం మేలూ చేస్తుంది. నేను మల్లేశ్వరంలో కాపురం పెట్టిన కొత్తలో స్కూటర్ వాయిదా 5న కట్టాలి, జీతం 7న వచ్చేది. ఓ కాలేజీ అమ్మాయి కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చి, మూడు నెలల్లో బ్యాంకుకి ఎన్నిసార్లు పెనాల్టీ కట్టారని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. సలహా ఏమీ చెప్పలేదు, రాసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి పాస్‌బుక్ తీసి చూస్తే మూడు సార్లు కట్టాను! వారం తిరక్కుండా వాయిదా తేదీ 10కి మార్పించుకున్నాను.

విక్టర్ స్టాంగో, జొనాథన్ జిన్‌మన్ అనే ఆర్థికవేత్తలు 2014లో ఇదే చూపించారు. ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడేస్తే అమెరికాలో బ్యాంకు రుసుము వేస్తుంది, దాన్ని ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము అంటారు. దాని గురించి సర్వేలో ప్రశ్నలు వచ్చిన నెలలో జనం ఆ రుసుము కట్టడం తగ్గింది, ఖాతాలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు కార్డు గీకడం తగ్గించారు, ఆటోమేటిక్‌గా కోత పడే చెల్లింపులు కొన్ని ఆపేశారు. అలాంటి సర్వేలకు పలుమార్లు జవాబిచ్చినవాళ్లలో ఆ జాగ్రత్త రెండేళ్ల దాకా నిలిచింది. చూడు, వాళ్లకి కొత్త విషయం ఎవరూ నేర్పలేదు, మరిచిపోయినదాన్ని గుర్తుచేశారంతే.

అందుకని జీతం పడిన రోజే స్టేట్‌మెంట్ తెరిచి, పోయిన నెల ఎన్ని పెనాల్టీలు పడ్డాయి, ఏ ఆటోపే వాడకుండానే కోత పడుతోంది, ఈఎంఐ రోజుకి ఖాతాలో ఎంత ఉంటుంది అని నీకు నువ్వే అడుగు, జవాబు నోటితో అనుకుంటే చాలదు, రాయి. ఈఎంఐ బౌన్సైతే బ్యాంకూ, అప్పిచ్చినవాళ్లూ ఇద్దరూ పెనాల్టీ వేస్తారు, అది నీకు తెలుసు కానీ ఆ రోజు గుర్తుండదు. అమ్మేవాళ్ల సర్వేకి మాత్రం 'ఉంది' అనకు, జవాబే ఇవ్వకు.

ఆదివారం మూడు నెలల స్టేట్‌మెంట్లు పట్టుకుని ఇంటికి రా, అత్తయ్య పులిహోర చేస్తానంది. కారు సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

మామయ్య