హార్డ్ డిస్క్‌లోకి ఫోటోలు ఒకరోజు కాపీ అయి, ఇంకోరోజు కాకపోతే

రోజూ రాత్రి 9కి ల్యాప్‌టాప్‌లోని ఫోటోల్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయాల్సిన మీ బ్యాచ్ ఫైల్ (కమాండ్లు రాసిపెట్టిన చిన్న ఫైల్) ఒకరోజు పనిచేసి, ఇంకోరోజు చేయట్లేదని అడిగారు. తప్పు దానిది కాదండి, డ్రైవ్ అక్షరానిది, అంటే ప్రతి డ్రైవ్‌కీ విండోస్ ఇచ్చే ఇంగ్లీషు అక్షరానిది. అమలాపురంలో స్టూడియో అన్నారు కదా. పెళ్లివాళ్లు తెచ్చిన పెన్ డ్రైవ్ ముందు పెడితే ‘ఇ’ దానికి పోతుంది, తర్వాత పెట్టిన మీ హార్డ్ డిస్క్ ‘ఎఫ్’ అవుతుంది. రాత్రి 9కి బ్యాచ్ ఫైల్‌లోని రోబోకాపీ (ఫైళ్లు కాపీ చేసే విండోస్ కమాండ్) మాత్రం పాపం ‘ఇ’నే వెతుక్కుంటుంది.

1. హార్డ్ డిస్క్ పెట్టి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఆ డిస్క్ మీద రైట్ క్లిక్, ‘ఛేంజ్ డ్రైవ్ లెటర్’. ‘వై’ ఇవ్వండి, అంత చివరికి పెన్ డ్రైవ్‌లు రావు.

2. బ్యాచ్ ఫైల్‌లోనూ ‘వై’ అని మార్చండి.

3. అందరూ వదిలేసేది ఇదే. టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన టైముకి పనిని నడిపే విండోస్ ప్రోగ్రామ్) మీ టాస్క్ ప్రాపర్టీస్, కండిషన్స్ ట్యాబ్. ‘ఏసీ పవర్ ఉంటేనే మొదలుపెట్టు’ అన్నచోట ముందే టిక్ ఉంటుంది. మీది ల్యాప్‌టాప్. 9కి కరెంటు పోయిందా, ఆ రాత్రి కాపీ లేనట్టే, పైకి ఏ మెసేజూ రాదు. టిక్ తీసేయండి. సెట్టింగ్స్ ట్యాబ్‌లో, తప్పిపోయిన టాస్క్‌ను వీలైనంత త్వరగా నడపమనే చోట టిక్ పెట్టండి. గాలివాన రోజుల్లో మా రాజోలులో నన్ను కాపాడేవి ఈ రెండే.

రోబోకాపీ కమాండ్‌లో ‘మిర్’ స్విచ్ (/MIR) వాడుతుంటే తీసేసి ‘స్లాష్ ఇ’ (/E) పెట్టండి, ఇది డ్రైవ్ అక్షరం కాదు, లోపలి ఫోల్డర్లతో సహా కాపీ చేయమని చెప్పేది. మిర్ అయితే ల్యాప్‌టాప్‌లో చెరిపిన ఫోటోని డిస్క్‌లోనూ చెరిపేస్తుంది.

టాస్క్ షెడ్యూలర్‌లో మీ టాస్క్ పక్కన లాస్ట్ రన్ రిజల్ట్‌లో 0ఎక్స్1 (0x1) కనిపిస్తే టెన్షన్ వద్దు, ఫైళ్లు కాపీ అయ్యాయని అర్థం. 0ఎక్స్10 (0x10) వస్తే కాపీ కాలేదని, ముందు డ్రైవ్ అక్షరమే చూడండి.